విడిచిన చొక్కా

కాలరు దగ్గర దాసు ఎప్పుడూ రెండుసార్లు ఆగుతాడు. ఇస్త్రీ పెట్టెని ఒక కొస నుంచి మధ్యదాకా తెచ్చి, ఎత్తి, రెండో కొస నుంచి మళ్ళీ మధ్యకి తెస్తాడు. ఒకే ఊపున లాగేస్తే చివర సన్నటి ముడత పడుతుంది. ఆ ముడత ఊళ్ళో ఎవరి కంటికీ ఆనదు, ప్లీడరు గణపతిరావు గారి కంటికి తప్ప. ముప్పై నాలుగేళ్ళలో ఆయన దాసుని కేకలేసింది రెండేసార్లు. రెండూ కాలరు గురించే.

ఆ కాలరు తొడుక్కోవాల్సిన మనిషిని సోమవారం తగలబెట్టారు. ఇవాళ బుధవారం. అయినా దాసు రెండుసార్లు ఆగాడు.

చోడవరం కోర్టు రోడ్డులో జిరాక్సు షాపు గోడ పక్కన ఉంటుంది దాసు బండి. నాలుగు చక్రాలు, పైన రేకు, రేకు కింద పాత దుప్పటి పరిచిన బల్ల. మనిషి పొట్టి. మూటలు మోసి మోసి ఎడమ భుజం కిందికి దిగిపోయింది. వేళ్ళ చివర్లు ఎప్పుడూ తెల్లగా నాని ఉంటాయి, కుడి చెయ్యి మాత్రం బొగ్గుల సెగకి నల్లబడి మొద్దుబారిపోయింది. ఊళ్ళో సగం మంది మెడ కొలతలు అతనికి తెలుసు. అతని ఇంటిపేరు మాత్రం రేషన్ కార్డుకి తప్ప ఎవరికీ తెలియదు.

మంగళవారం నాడు పరామర్శకి ఎవరూ రారు. ఇల్లు ఖాళీగా దొరికిందని ప్లీడరుగారి అక్క అప్పలనరసమ్మ గారు నిన్ననే నడుం బిగించారు. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు, ఇంట్లో విడిచిన బట్టలు ఒక్కటి మిగల్చకుండా మూట కట్టించి దాసు నెత్తికెత్తారు. మైల ఇల్లు, గుడ్డపీలిక ఉండకూడదు అన్నారు. తెల్లవారుజామున బోరు దగ్గర మూట విప్పితే దుప్పట్ల మధ్య నలిగిపోయి దొరికింది ఈ చొక్కా.

దాసు చూడగానే పోల్చుకున్నాడు. కాలరు లోపల గుర్తుగా తను పెట్టిన రెండు నల్లచుక్కలు, కుడి ముంజేతి పట్టీ మీద ముక్కుపొడుం మరక. ఆదివారం పొద్దున్న వడ్డాదిలో ఎవరిదో గట్టు తగువు తీర్చి వచ్చి, చొక్కా విప్పి స్నానాలగది తలుపు వెనక కొక్కేనికి తగిలించి, వేణ్ణీళ్ళు తోడమన్నారట ఆయన. ఆ నీళ్ళు పోసుకోకుండానే కూలబడ్డారు. అంటే ఇది ఆయన ఆఖరిసారి విడిచిన చొక్కా.

అందరూ ఏడుస్తున్నారు, దండలు వేస్తున్నారు, మైకుల్లో ఆయన గొప్పతనం చెబుతున్నారు. దాసుకి మాటలు రావు. సోమవారం నాడు గేటు బయట నిలబడి, ఏమనాలో తెలియక తిరిగొచ్చేశాడు. అతనికి వచ్చింది ఒక్కటే, ఉతకడం. అందుకని ఉతికాడు. సబ్బు రెండుసార్లు పెట్టి, పొడుం మరకని నిమ్మచెక్కతో పోయిందాకా రుద్ది, పలచగా గంజి పెట్టి, నీలిమందు మూడంటే మూడు చుక్కలేసి జాడించాడు. అంత తెల్లటి చొక్కా అతని చేతిలోంచి ఎన్నడూ రాలేదు. ఆరేసిన తీగ దగ్గర నిలబడి చూస్తుంటే, అప్పుడొచ్చాయి కళ్ళనీళ్ళు.

బండికి ఎదురుగా టీకొట్టు హరిబాబు గ్లాసు కడుగుతూ అడిగాడు. "ఎవులు తొడుక్కుంటారనిరా అంత మోజుగా ఇస్త్రీ తోమేస్తన్నావు?"

"ఎవులు తొడుక్కుంటే నాకేటి? అయ్యగారి సొక్కా."

దాసు పైగుండీ నుంచి కిందిగుండీ దాకా వరసగా పెట్టాడు. ముంజేతి గుండీలు కూడా పెట్టాడు. ఇస్త్రీ చొక్కాకి గుండీలన్నీ పెట్టి ఉండాలి, అది అతని పద్ధతి, ప్లీడరుగారి ఇంట్లోనూ తెలిసిందే. విడిచిన చొక్కాకి ఉండవు. ఉతికిందేదో విడిచిందేదో చీకట్లో తడిమినా చెప్పేస్తాడు. మడతపెట్టిన చొక్కాని మిగిలిన బట్టల మీద పైన పెట్టి, సైకిలుకి కట్టుకుని బయల్దేరాడు. ఇదే తన పరామర్శ అనుకున్నాడు.

ప్లీడరుగారి వీధి పొడవునా కార్లు. ఒక చెరుకు ట్రాక్టరు ముందుకీ వెనక్కీ పోలేక హారను కొడుతోంది. నిన్న రానివాళ్ళూ ఇవాళ రావాల్సినవాళ్ళూ కలిసి ఒక్కసారే విరుచుకుపడ్డారు. వాకిట్లో షామియానా, నిలువెత్తు ఫోటో. ఫోటో పక్కన నిలబడి ఫోటోలు తీయించుకునేవాళ్ళు కూడా ఉన్నారు, చావింట్లో ఏం పనో మరి. కిటికీలోంచి హాలు కనబడింది. గోడకి ఆనుకుని చాప మీద కూర్చుంది ప్లీడరుగారి భార్య సంధ్యారాణి గారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆవిడ ముందు వంగుతున్నారు. ధైర్యం తెచ్చుకోవాలమ్మా అంటున్నారు. పోయినవాళ్ళతో మనం పోలేం కదమ్మా అంటున్నారు. ఆయన ఈ ఊరికే పెద్దదిక్కమ్మా అంటున్నారు. ఆవిడ ఎవరి మొహమూ చూడడం లేదు. వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని, వెళ్ళొస్తామని చెప్పకుండా లేచిపోతున్నారు. చావింటి నుంచి అలా చెప్పి రాకూడదు.

దాసు సందులోంచి పెరట్లోకి వెళ్ళాడు. అప్పలనరసమ్మ గారు నీళ్ళ గోలెం దగ్గర కూలబడి ఉన్నారు.

"వచ్చేవురా? అక్కడ పెట్టు. ఒరే దాసూ, ఈ మరదలితో నేను పడలేనురా. నాలుగు రోజులైంది, మెతుకు ముట్టలేదు. నిన్న సాయంత్రం నుంచి ఎత్తుకుంది, కొక్కేనికున్న సొక్కా ఏదీ అని."

దాసు చేతులు మూట మీదే ఆగిపోయాయి. "ఏ సొక్కా పెద్దమ్మగారూ?"

"ఆదోరం విప్పినాడు చూడు, అది. బీరువాలో నలభై సొక్కాలున్నాయిరా! ఒక్కొక్కటీ తీసి ఇస్తే మొహానికి పెట్టుకుని, కాదు కాదని పడేస్తంది. అన్నీ సబ్బు వాసన, గంజి వాసనేనట. ఆయన వాసన లేదట. దుప్పటీ గలీబూ కూడా నీకేసేసేనని నన్ను సంపేస్తంది. మైల గుడ్డలు ఇంట్లో ఎలా ఉంచుతాం? నువ్వే సెప్పు."

దాసు పైనున్న తెల్ల చొక్కాని మెల్లిగా లాగి, అడుగున దుప్పటి మడతలోకి తోసేశాడు.

పోయిన మనిషి వాసన కోసం ఆ గుండె పీకుడు ఏమిటో ఊరి మొత్తానికి తెలియకపోవచ్చు గానీ దాసుకి తెలుసు. తెలిసీ, నిమ్మచెక్కతో రుద్ది మరీ పోగొట్టాడు.

వంటింటి గుమ్మంలో అలికిడైంది. సంధ్యారాణి గారు గోడ పట్టుకుని వస్తోంది, వెనకాల కూతురు ప్రవల్లిక. మనిషి నాలుగు రోజుల్లో సగమైపోయింది. పెదాలు ఎండి తోలు లేచిపోయాయి. దాసుని చూడగానే ఆ కళ్ళు నిలిచాయి.

"దాసూ. కొక్కేనికున్న చొక్కా నీ దగ్గరికొచ్చిందా?"

"ఒచ్చిందమ్మగారూ."

"ఉతికేసేవా?"

ఆ ఒక్క మాటకి జవాబు కోసం ఆవిడ ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. అవునమ్మా అనాలి. అది నిజం. కాళ్ళ మీద పడి అనాలి. నోరు తెరిచాడు కూడా.

"లేదమ్మగారూ," అంది నోరు. "ఇంకా ఉతకలేదు. మూటలోనే ఉంది, ఇంటికాడ."

సంధ్యారాణి గారు అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి గానీ మొహంలోకి ప్రాణం వచ్చింది. "ఉతక్కు నాయనా. అలాగే తెచ్చియ్యి," అంది. కూతురివైపు తిరిగి, కొంచెం మజ్జిగ ఇయ్యమంది.

ప్రవల్లిక గ్లాసు తెచ్చి, తల్లి తాగేదాకా చూసి, దాసు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "నీకు దణ్ణం పెడతాను దాసన్నా, తొందరగా తే. అమ్మకి బీపీ పడిపోతంది. నాలుగింటికి కారొస్తాది, వైజాగ్ తీసుకెళ్ళి హాస్పిటల్లో చేర్పిస్తన్నాను. చొక్కా లేకుండా కదలనంటంది."

"పదకొండు రోజులు కాకుండా మొగుడు పోయిన ఆడది గడప దాటకూడదే గుంటా," అన్నారు అప్పలనరసమ్మ గారు.

"అత్తా, నాన్న ఎలాగూ పోయేడు. అమ్మని కూడా గడపలోపలే పోనిమ్మంటావా?" అంది ప్రవల్లిక.

దాసు ఎవరికీ చెప్పకుండా సందులోంచి బయటపడ్డాడు. వచ్చేటప్పుడు మూటలోంచి ఆ చొక్కాని తీసి పొట్ట దగ్గర లుంగీలో దోపుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళలో ఆ ఇంటి నుంచి అతను దొంగతనంగా తెచ్చింది అదొక్కటే.

దాసు ఇల్లంటే ఒక గది, ఒక వసారా. గదిలో తీగల మీద ఊరివాళ్ళ బట్టలు, గోడకి దేముడమ్మ ఫోటో. దాసు పెళ్ళాం. మూడేళ్ళ క్రితం కామెర్లతో పోయింది. ఆమె పోయినప్పుడు షామియానా వెయ్యలేదు, కార్లు రాలేదు. నాలుగో రోజుకే బండి తియ్యాల్సి వచ్చింది, స్కూలు యూనిఫారాలు పేరుకుపోయాయని. బట్టలు వెయ్యడానికి వచ్చినవాళ్ళు, అయ్యో అలాగా అని, మూట అక్కడ పడేసి, రేపటికి కావాలి అని పోయేవాళ్ళు. దాసుకి వాళ్ళ మీద కోపం లేదు. వాళ్ళకీ మాటలు రావేమో అనుకున్నాడు.

మంచం కింద రేకుపెట్టె లాగాడు. అందులో ప్లాస్టిక్ కవరు, దాని మీద ఇంకో కవరు, దాని మీద ఇంకొకటి. మూడింటికీ మూడు ముళ్ళు. లోపల దేముడమ్మ జాకెట్టు, జ్వరంలో ఆఖరున వేసుకున్నది. అందరివీ ఉతికే దాసు దాన్ని ఉతకలేదు. చాకలి ఇంట్లో మాసిన గుడ్డ మూడేళ్ళు దాచాడంటే ఊరంతా పడీపడీ నవ్వుతుంది, అందుకే ఎవరికీ చెప్పలేదు. ఏడాదికి ఒక్కసారి, ఆమె పోయిన రోజున ముళ్ళు విప్పి, ఒక్కసారి మొహం ఆన్చి, గాలి పోకుండా మళ్ళీ కట్టేస్తాడు. ఎక్కువసార్లు తెరిస్తే అయిపోతుందని భయం.

ఇవాళ ఆ రోజు కాదు. కానీ మనిషి వాసన ఎలా ఉంటుందో ఒక్కసారి చూసుకోకపోతే పని మొదలెట్టలేననిపించింది. ఒక మనిషి వాసనని తన చేతుల్తో తయారుచెయ్యాలి కదా ఇప్పుడు. ముళ్ళు విప్పాడు.

ఏమీ లేదు.

ఇంకా లోపలికి మొహం పెట్టాడు. చంకల దగ్గర, మెడ దగ్గర, అతుకుల దగ్గర వెతికాడు. కవరు వాసన, రేకుపెట్టె తుప్పు వాసన. అంతే. పసుపూ చెమటా కలిసిన ఆ వాసన, పక్కనే పడుకున్నట్టుండేది, లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. మూడు ముళ్ళలోంచి ఎలా పోయిందో తెలియదు.

"దేముడూ," అన్నాడు పైకే. ఆమెని అలాగే పిలిచేవాడు. జాకెట్టు మొహమ్మీద వేసుకుని నేల మీద పడుకుండిపోయాడు. ఉతికితే పోతుందనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఉతక్కపోయినా పోతుంది.

ఎదురింటి టీవీలో పన్నెండు గంటల వార్తలు వినబడి లేచాడు. ఏడవడానికి కూడా టైము లేదు.

ప్లీడరుగారి చొక్కాలో ఏమేముంటాయో దాసుకి కంఠతా వచ్చు. ముప్పై నాలుగేళ్ళు వాటినే కదా వదిలించింది. కిరాణా కొట్టుకి పోయి ఆయన పీల్చే రకం పొడుం డబ్బా తెచ్చాడు. కుడి ముంజేతి పట్టీ మీద చిటికెడు పొడుం తడివేలితో రుద్దాడు. కాలరు వెనక కొబ్బరినూనె రాశాడు, ఆయనది వెనక్కి దువ్విన జుట్టు. ఛాతీ మీద చందనం పౌడరు దులిపాడు. జేబు అంచుకి కాస్త పెన్ను సిరా. ఇవన్నీ కొట్లో దొరుకుతాయి. చెమట దొరకదు.

కాసేపు చొక్కాని చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గుండీలు విప్పి, తన బనీను తీసేసి, తొడుక్కున్నాడు.

అరవయ్యేళ్ళ జీవితంలో దాసు తెల్ల చొక్కా తొడుక్కోవడం అదే మొదలు. చొక్కా చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. అంచులు మోకాళ్ళ దగ్గరికి వచ్చాయి. వీధిలోకి రావడానికి సిగ్గేసింది, అయినా బండి దగ్గరికి వెళ్ళి, ఇస్త్రీ పెట్టె నిండా బొగ్గులు పోసి, ఊది, మిట్టమధ్యాహ్నం ఎండలో పనిలోకి దిగాడు. చేతికి వచ్చిన బట్టనల్లా ఇస్త్రీ తోమాడు. ఫాల్గుణమాసపు ఎండ రేకుని కాల్చేస్తోంది. చెమట వీపు మీద నుంచి కాలువ కట్టింది.

హరిబాబు చూసి పెద్దగా నవ్వాడు. "ఏటిరా దాసూ, ప్లీడరైపోయేవా?"

దాసు తలెత్తాడు. ఆ మొహం చూసి హరిబాబు నవ్వు మింగేసి, అడక్కుండానే టీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ టీ అలాగే చల్లారిపోయింది.

మూడు గంటలకి చొక్కా విప్పి, జిరాక్సు షాపు వెనక నిలబడి మొహానికి పెట్టుకున్నాడు. పొడుం వాసన ఉంది. నూనె వాసన ఉంది. వాటి కింద నుంచి బొగ్గు వాసన వచ్చింది. దాని కింద నుంచి వచ్చింది దాసు. బీడీ, సబ్బునీళ్ళు, పేదింటి చెమట. ఇంకాస్త పొడుం రాశాడు. ఇంకాస్త పౌడరు చల్లాడు. మళ్ళీ చూశాడు. ఎంత చూసినా తనే. ముప్పై నాలుగేళ్ళు ఆ మనిషిని చొక్కాల్లోంచి పొద్దున్నే తీసి కాలవలో పారబోశాడు, ఇవాళ చిటికెడు కావాలంటే తేలేకపోయాడు. తన చేతుల్ని తనే తిట్టుకున్నాడు.

నిజం చెప్పెయ్యాలనుకున్నాడు. గడప మీద కూర్చుని మజ్జిగ అడిగిన మొహం గుర్తొచ్చింది. చొక్కాని నలిపి, గుండీలు పెట్టకుండా, పాత పేపర్లో చుట్టుకుని సైకిలెక్కాడు.

కారు అప్పటికే గేటు దగ్గరికి వచ్చి ఉంది. సంధ్యారాణి గారిని వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టారు. చుట్టూ బంధువులు, ఇంకా లేవని పరామర్శ జనం. "నీ మాట పట్టుకుని మధ్యాహ్నం రెండు ముద్దలు తిన్నాదిరా," అన్నారు అప్పలనరసమ్మ గారు. దాసు పొట్లం ఇచ్చి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆవిడ పేపరు విప్పింది. చొక్కాని రెండు చేతుల్తో ఎత్తి మొహం దాచుకుంది. దాసు ఆవిడ భుజాల్నే చూస్తున్నాడు. మొదట బిగిశాయి. కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత మెల్లిగా, చాలా మెల్లిగా కిందికి దిగిపోయాయి.

ఆవిడ తలెత్తి దాసుని చూసింది. అతని ఒంటి మీద ఇంకా ఆరని చెమట చూసింది. గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న పొడుం చూసింది. ఇప్పుడంటుంది అనుకున్నాడు. ఇంతమందిలో అంటుంది.

"అమ్మా, అదేనా?" అంది ప్రవల్లిక.

"ఇదే," అంది సంధ్యారాణి గారు. "ఇదేనమ్మా."

ఎవరో హమ్మయ్య అన్నారు. ఆవిడ చొక్కాని గుండెకి హత్తుకుని, ఎవరినీ రావద్దని చెయ్యి ఊపి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పది నిమిషాలకి చిన్న సంచీతో వచ్చింది. సంచీ నిండుగా ఉంది. చొక్కా అందులోనే ఉందనుకుని దాసు రెండు చేతులూ జోడించాడు. అతని ప్రాణం కుదుటపడింది. గండం గడిచిందనుకున్నాడు, పిచ్చివాడు.

కారు ఎక్కబోతూ ఆవిడ ఆగింది. "దాసూ, దేముడమ్మ పోయి ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళమ్మగారూ."

"అప్పుడు నేను రాలేదు," అంది. "నాలుగు ఇళ్ళ అవతలేగా నీ ఇల్లు. రాలేదు. బట్టలు మాత్రం పంపించేను."

మూడేళ్ళకి దేముడమ్మ కోసం ఒకరు పరామర్శకి వచ్చారు, నడివీధిలో, కారు తలుపు పట్టుకుని. అతను మళ్ళీ చేతులు జోడించాడు. ఆవిడ కారెక్కి, సంచీ ఒళ్ళో పెట్టుకుంది. ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పలేదు. కారు కోర్టు రోడ్డు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

జనం పలచబడ్డారు. దాసు కూడా కదలబోతుంటే అప్పలనరసమ్మ గారు కేకేశారు. "ఒరే, మరదలి గదిలో దుప్పటీ, చాపమీద గుడ్డా పట్టుకుపో. మళ్ళీ ఎప్పుడొస్తాదో ఏటో. రాగలదో లేదో. స్నానాలగదిలో తువ్వాలు కూడా తియ్యి."

దాసు దుప్పటి మడిచి భుజాన వేసుకున్నాడు. మంచం పక్కన కంచంలో మధ్యాహ్నం రెండు ముద్దలూ కలిపినవి కలిపినట్టే ఎండిపోయి ఉన్నాయి. తిన్నట్టు చెప్పి ఉంటుంది. అతను తువ్వాలు కోసం ఆ గదిని ఆనుకున్న స్నానాలగదిలోకి వెళ్ళి, తలుపు వెనక చూశాడు.

కొక్కేనికి తెల్ల చొక్కా వేలాడుతోంది. కాలరు సవరించి ఉంది, పొడుం మరక ఎండిపోయి ఉంది, పైనుంచి కిందిదాకా గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. ముంజేతి గుండీలు కూడా.